స్కిన్‌లు మార్చిన వానాకాలం

నా బావమరిది డ్రమ్ములతో సహా మా ఇంటికొచ్చిన రోజు వాన పడుతోంది. నేను కుర్చీలోంచి లేవలేదు.

ఆటో ట్రాలీ మా టైర్ల షాపు ముందు ఆగింది. పైన టార్పాలిన్ కప్పి ఉంది. అతను దిగి, లోపలికి రమ్మంటానేమోనని తడుస్తూ నిలబడ్డాడు. నేను అనలేదు. మూడేళ్ల కిందట నా భార్య పోయిన రోజు పొద్దున వచ్చాడు, సాయంత్రానికి వెళ్లిపోయాడు. సొంత అక్క. ఆ తర్వాత ఫోను లేదు, మనిషి లేడు. తల్లి లేని పిల్ల ఎలా ఉందని అడిగిన పాపాన పోలేదు. అలాంటివాడు సామానుతో దిగాడంటే ఏదో అవసరం పడిందని ఒకరు చెప్పాలా.

"బావా," అన్నాడు.

"టైర్లు మార్చాలా?" అన్నాను.

అతను ఏదో అనేలోపు మా అమ్మాయి లోపలినుంచి వచ్చింది. తను మందుల షాపులో పనిచేస్తుంది. ఆ రోజు సెలవు. నన్ను అడగలేదు, నావైపు చూడలేదు. టార్పాలిన్ ఎత్తి, చేతికందిన డ్రమ్మును చంకన పెట్టుకుని మా వెనక గోడౌన్లోకి నడిచింది. వాళ్ల మామయ్య ఇంకోటి ఎత్తుకుని తన వెనకే వెళ్లాడు. ఇంటికి యజమానిని నేనే అన్న సంగతి ఆ ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు.

బ్యాండులో అతన్ని అందరూ దరువు అంటారు. పక్క ఊళ్లో రేకుల కప్పు హాలొకటి ఉంది. అందులో పాటలు పాడే బ్యాండుకి ఇతను చాలాకాలంగా డ్రమ్ములు వాయిస్తున్నాడు. వానాకాలం రేకుల మీద చప్పుడుకి పాట వినిపించదు కాబట్టి హాలు మూసేస్తారు. వానలు తగ్గగానే తెరుస్తారు. ఈసారి తెరిచే ముందు బ్యాండు మాస్టారు ఒక మాట చెప్పి పంపాడట. పోయిన ఏడాదంతా నీ డ్రమ్ములు అట్టపెట్టెల్లా మోగాయి. ఒక్కసారి వింటాను. అలాగే ఉంటే చేత్తో తడితే అన్ని డ్రమ్ములూ పలికే కరెంటు పెట్టె ఒకటి తెప్పించాను, అది పెట్టుకుంటాను. నువ్వు ఇంటికెళ్లు.

ఇదంతా అతను మా అమ్మాయికి చెప్పాడు, నాకు వినపడేట్టు. అతనికి ఇంకో పని రాదు. పెళ్లాం పిల్లలు లేరు. ఆ సీటు పోతే మిగిలేది తను ఉంటున్న అద్దె గది. అక్కడ వాయిస్తే పక్కవాళ్లు గొడవ పెట్టుకుంటున్నారని, మన గోడౌన్లో అయితే టైర్లు చప్పుడు మింగేస్తాయని, అందుకే వచ్చానని అన్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు మనిషి నేల చూస్తాడు. అతను నేల చూశాడు.

ఉండమని నేను అనలేదు. పొమ్మని కూడా అనలేదు.

డ్రమ్ము మీద బిగించే పొరని వాళ్లు స్కిన్ అంటారు. తోలు కాదు, ప్లాస్టిక్. ప్రతి డ్రమ్ముకీ పైన ఒకటి, కింద ఒకటి. మోకాళ్ల మధ్య పెట్టుకునే చిన్నదాన్ని స్నేరు అంటారు, దాని కింద తీగలుంటాయి, కొడితే గరగరమంటుంది. దాని ముందు రెండు టామ్‌లు. కుడిపక్కన మూడు కాళ్ల మీద నిలబడే పెద్ద టామ్. వీటన్నిటికీ తల్లిలాంటిది బేస్ డ్రమ్ము, పక్కకి పడుకోబెట్టి కాలితో తొక్కుతారు. ఇవన్నీ నేను కావాలని నేర్చుకున్నవి కావు. సొంత గోడౌన్లో రోజూ జరుగుతుంటే కళ్లు మూసుకుని ఎంతసేపు ఉంటాం.

పాత స్కిన్‌లు చూసి నాకే అసహ్యం వేసింది. వడగళ్లు పడ్డ రేకులా సొట్టలు. నడుమ పూత పూర్తిగా లేచిపోయింది.

"అరిగిన టైర్ల మీద ఇన్నాళ్లు నడిపావా?"

"నడిపాను," అన్నాడు.

పెద్ద గుండ్రటి అట్టపెట్టెలో రకరకాల కొత్త స్కిన్‌లు తెచ్చుకున్నాడు. అందులోంచి బాగా మందమైనవి, రెండు పొరలు అతికినవి తీసి, ఒకే రకం అన్నిటికీ వేశాడు. నట్లు మాత్రం పద్ధతిగా బిగించాడు. ఒకటి బిగించి, దానికి ఎదురుగా ఉన్నది, మళ్లీ పక్కది, దాని ఎదురుది. లారీ చక్రానికి మేం బిగించినట్టే. ఆ ఒక్క విషయంలో నాకు వంక దొరకలేదు.

తర్వాత కూర్చుని వాయించాడు. గోడౌన్ అదిరింది. బాగుందనే అనుకున్నాను, పైకి అనలేదు.

ఎదురింటి టైలరమ్మ కిటికీలోంచి తొంగిచూసి, "అన్నా, లోపల ఎవరినో కొడుతున్నారు, చచ్చాడా బతికాడా చూడు," అంది.

"నా బావమరిది."

"కొట్టేవాడా, తినేవాడా?"

నేను జవాబు చెప్పేలోపు మా అమ్మాయి గొడుగు తీసుకుని వీధిలోకి వెళ్లింది. పాల బూతుకేమో అనుకున్నాను. బూతు దాకా వెళ్లి, దాని చూరు కింద ఇటు వీపు పెట్టి నిలబడింది. పాలు కొనలేదు. అక్కడ కాసేపు నిలబడి తిరిగి వచ్చింది. పాదాలు బురద. నేరుగా గోడౌన్లోకి పోయి, "మామయ్యా, అన్ని డ్రమ్ములూ ఒక్కళ్లే మాట్లాడుతున్నట్టున్నాయి," అంది.

అతని చేతిలో కర్రలు ఆగిపోయాయి.

"అంత దూరం వెళ్లి వినమని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెబుతారు? ఇక్కడినుంచి తెలియట్లేదు, అందుకని వెళ్లాను."

అతను లేచి టైర్ల దొంతర మీద కూర్చున్నాడు. తర్వాత నాతో చెప్పాడు, అమ్మాయితో కాదు.

చిన్నప్పుడు ఇతను డబ్బాలు కొడుతుంటే వాళ్లక్క వీధి చివరికి వెళ్లి నిలబడేదట. ఏ డబ్బా ఉంచాలో, ఏది తీసెయ్యాలో అక్కడినుంచి కేకేసి చెప్పేదట. పెద్దయ్యాక కూడా అదే పద్ధతి. ఏటా హాలు తెరిచే ముందు వెళ్లేది. వెనక వరసలో, తలుపు దగ్గర, రోడ్డు మీద నిలబడి వినేది. ఏ డ్రమ్ముకి ఏ స్కిన్ వెయ్యాలో తనే చెప్పేది.

"నాకు కొట్టడమే వచ్చు బావా. కూర్చున్న చోట డ్రమ్ము అబద్ధం చెబుతుంది. దగ్గర భలేగా ఉన్నది పది వరసలు దాటదు. అక్క చెప్పేది, నేను మార్చేవాణ్ని."

నా పెళ్లాం ఏటా తమ్ముడింటికి రెండు రోజులు వెళ్లడం నాకు తెలుసు. ఆ రెండు రోజులు నేను హోటల్లో తిని కడుపు పాడుచేసుకునేవాణ్ని. వచ్చాక, ఏం చేశావక్కడ అని అడిగితే, "ఏముంది, ఊరికే నిలబడి వచ్చాను," అనేది. పని లేకుండా గడిపానని చెప్పడానికి అలా అంటోందనుకునేవాణ్ని. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. అన్నేళ్లూ అక్షరాలా అదే చేసింది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఒకసారి అడిగాను, బావకి తెలుసా అని. చెప్పడానికేముందిరా, నిలబడతాను, వింటాను, అంది."

నేను లేచి షాపులోకి వచ్చాను. ఎవరిదీ కాని ఒక ట్యూబు తీసి నీళ్ల తొట్లో ముంచి బుడగలు వస్తాయేమోనని చూస్తూ కూర్చున్నాను. బుడగలు రాలేదు. ట్యూబు బాగానే ఉంది.

ఆ తర్వాత వాన ఉన్నా లేకపోయినా రోజూ అదే పని. అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గొడుగుతో పాల బూతు దగ్గరికి పోయేది. ఇక్కడ అతను స్కిన్ వేసి వాయించేవాడు. తను తిరిగొచ్చి తల అడ్డంగా ఊపేది. అతను మారుమాట లేకుండా విప్పేవాడు. బ్యాండులో ఎవరి మాటా వినడని పేరున్న మనిషి. మా అమ్మాయి తల ఊపితే చాలు, స్పానరు అందుకునేవాడు.

ముందు స్నేరు తేలింది. అద్దంలా ఉన్న స్కిన్ వేస్తే అరుస్తోందని తీయించింది. మందపాటిది వేస్తే ముక్కు మూసుకుని మాట్లాడుతోందంది. చివరికి తెల్ల పూత ఉన్న ఒంటి పొర వేయించింది. కిందవైపు ఉల్లిపొరకంటే పలచనిది ఒకటి ఉంటుంది, తీగలు దానికి ఆనుకుని ఉంటాయి. దాన్ని నేను బొటనవేలితో నొక్కి చూడబోతే బావమరిది గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. వెంటనే వదిలేశాడు. మూడేళ్లలో మేం ఒకళ్లనొకళ్లం తాకింది అదొక్కసారే.

టామ్‌లకి పూత లేని పలచనివి ఒప్పుకుంది. మొదటిది కాస్త బిగువుగా, రెండోది కాస్త వదులుగా. మూడు కాళ్ల దానికి అవి పనికిరావంది, కొట్టాక ఊరుకోదు, గొణుగుతూనే ఉంటోందంది. దానికి జంట పొరలది వేయించింది. ఇతను మొదట అన్నిటికీ వేసుకున్న మందపాటి రకమే అది. ఐదింటిలో ఒక్కదానికి అది సరైనదే.

టైలరమ్మ ఓ సాయంత్రం నా షాపు మెట్టు మీద కూర్చుని, మీ అమ్మాయి రోజూ వానలో గొడుగేసుకుని వీధి చివర నిలబడుతోంది, ఎవరికోసమోనని పేటంతా చెవులు కొరుక్కుంటోంది, నువ్వు చూసీచూడనట్టు ఉన్నావు, అని మందలించింది.

"డ్రమ్ము కోసం," అన్నాను.

"ఆడపిల్ల తండ్రివి, నీకు వేళాకోళంగా ఉంది," అని లేచిపోయింది.

మర్నాడు నేనే గొడుగు తీసుకుని పాల బూతుకి వెళ్లాను, పాలకే. చిల్లర తీస్తుండగా గోడౌన్లోంచి అతను మొదలుపెట్టాడు. స్నేరు ముందు వచ్చింది, ఎవరో పక్కకొచ్చి తేటగా నా పేరు పిలిచినట్టు. వెనకే టామ్‌లు, ఒకదాని తర్వాత ఒకటి, మెట్లు దిగుతున్నట్టు. మూడు కాళ్లది చివరి మెట్టు మీద కాలు మోపింది. ఒక్కొక్కటీ తన మాట చెప్పి పక్కదానికి తప్పుకుంటోంది. నడుమ వాన చప్పుడు వినిపిస్తోంది, సైకిలు గంట వినిపిస్తోంది, దేన్నీ ఏదీ తొక్కడం లేదు. అన్ని వందల టైర్లూ, రెండు గోడలూ, ఇంత వీధీ దాటి వచ్చి అలా ఉంది. బూతులో మనిషి పాల ప్యాకెట్టు చాపి పట్టుకుని ఎంతసేపు ఉన్నాడో, "పెద్దాయనా, తీసుకుంటారా, పారబొయ్యమంటారా?" అన్నాడు.

అన్నేళ్లు ఒక మనిషి పక్కన పడుకున్నాను. ఆమె తలలో ఇది ఉందని నాకు తెలియదు.

రాత్రి అన్నాల దగ్గర అతన్ని అడిగేశాను. మూడేళ్లు ఎందుకు రాలేదు?

"రాలేకపోయాను బావా. ఇక్కడికొస్తే అక్క లేదని తెలిసిపోతుంది."

"రాకపోతే ఉందా?"

అతను కంచంలో వేళ్లు ఆపాడు. "వాయిస్తున్నంతసేపు ఉన్నట్టే ఉండేది. ఆ స్కిన్‌లు తను వేయించినవే కదా. ఆఖరిసారి. అందుకే మార్చలేదు."

అమ్మాయి లేచి మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లింది. చెంబు మా ముందే ఉంది.

నేను మెత్తబడలేదు. ఆమె వస్తువులు నేను మొదటి వారంలోనే తీసి ఇచ్చేశాను, చూస్తూ కూర్చోవడం నావల్ల కాక. ఇతను నాలుగు అరిగిన ప్లాస్టిక్ ముక్కలు పట్టుకుని కూర్చుని, చేతిలో ఉన్న పని పోయేదాకా తెచ్చుకున్నాడు. ఆ పిల్లకి తల్లి పోలికున్న మనిషి ఒక్కడుండి, వాడు కూడా ముఖం చాటేశాడు. అదే చెప్పాను. అతను తిన్నంత తిని చెయ్యి కడుక్కున్నాడు.

ఇక బేస్ డ్రమ్ము మిగిలింది. దాని దగ్గర అమ్మాయికి చిక్కు పడింది. రెండు స్కిన్‌లు తేలాయి. ఒకటి మామూలుది. రెండోదానికి అంచు చుట్టూ లోపలివైపు ఇంకో సన్నటి వలయం అతికించి ఉంది. పాల బూతు దగ్గర నిలబడింది, ఇంకా ముందుకి పోయి మలుపు దగ్గర నిలబడింది. రెండూ ఒకేలా ఉన్నాయంది. మళ్లీ వెయ్యమంది. మళ్లీ అదే మాట. మాస్టారు వింటానన్నది ఎల్లుండి. తనకి కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ బయటికి రానివ్వలేదు.

"అమ్మకైతే తెలిసేది," అంది.

"మీ అమ్మ కూడా దీని దగ్గర నన్ను చావగొట్టేది," అన్నాడు మామయ్య. ఓదార్చడానికన్నాడో, నిజమో నాకు తెలియదు. మామూలుదే వేసేద్దాం, దగ్గర అదే బాగుందన్నాడు. ఆ మాట అన్నాక తనే తల పట్టుకున్నాడు.

అప్పుడే మెయిన్ రోడ్డు మీద లారీ ఒకటి పంక్చరై ఆగిందని కబురొచ్చింది. జాకీ తీసుకుని వెళ్లాను. మా వీధి దాటి, మలుపు దాటి, రోడ్డవతల. లోడు బండి. వాన వెలిసింది గానీ నేలంతా తడి. గోనె పరుచుకుని మోకాళ్ల మీద కూర్చుని నట్లు విప్పుతున్నాను. మా ఇంటివైపునుంచి బేస్ డ్రమ్ము వినిపించింది, దూరంగా ఎవరో తలుపు కొడుతున్నట్టు. ఆగింది. స్కిన్ మారుస్తున్నారు కాబోలనుకున్నాను. మళ్లీ మొదలైంది. ఈసారి చెవికి పెద్దగా ఏమీ రాలేదు. కానీ గోనె కింద నేల నన్ను మెల్లగా నెట్టింది. ఒకసారి. ఆగి, మళ్లీ. చక్రం మీద పెట్టిన చెయ్యి తీసేశాను. నేలకి ఆనించాను. పక్కనున్న నీళ్ల గుంటలో సన్నటి వలయాలు లేస్తున్నాయి, ఒకటి చెరిగిపోయేలోపు ఇంకోటి. ఇంత రోడ్డు కింద, ఇంత మట్టి కింద, ఆ కాలు తొక్కుడు నడిచొచ్చి నా మోకాళ్ల కింద నిలబడింది.

డ్రైవరు, "ఏం పెద్దాయనా, ఒంట్లో బాలేదా?" అన్నాడు.

"నోరు మూసుకో," అన్నాను.

చక్రం బిగించి ఇంటికొచ్చాను. వాళ్లిద్దరూ మళ్లీ మామూలుదే బిగించి, గోడౌన్లో చెరో టైరు మీద కూర్చుని ఉన్నారు. నాకు చెప్పాలని లేదు. చేతులకి గ్రీజు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాను.

"రెండోది," అన్నాను.

ఇద్దరూ తలెత్తారు.

"మొదటిది చెవికి వచ్చింది. రెండోది మోకాళ్లకి వచ్చింది."

అమ్మాయి నన్ను ఎప్పుడూ చూడనట్టు చూసింది. అతను ముందు నవ్వబోయి, మానుకుని, స్పానరు అందుకున్నాడు. "లారీ కింద కూర్చుని స్కిన్ ఎంచినవాణ్ని నిన్నొక్కణ్నే చూశాను బావా," అన్నాడు నట్లు విప్పుతూ. నేను లోపలికి వెళ్లి చేతులు కడుక్కున్నాను.

హాల్లో మాస్టారు విన్నది మధ్యాహ్నం పూట. కుర్చీలన్నీ ఖాళీ. పాడేవాళ్లు, వాయించేవాళ్లు కబుర్లు చెప్పుకుంటున్నారు. మాస్టారు పొట్టి మనిషి, మెడకి మఫ్లర్. ఆయన పక్కన బల్ల మీద ఆ కరెంటు పెట్టె ఉంది, అట్ట కూడా విప్పారు, తీగ గోడకి పెట్టి ఉంది. మా బావమరిది దానివైపు చూడకుండా డ్రమ్ములు అమర్చుకున్నాడు. సీటు ఎత్తు సరిచేసుకోవడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు.

పాట మొదలైంది. కొంచెంసేపటికి మాస్టారు చెయ్యి పైకి లేచింది, ఆపమనడానికి లేస్తుంది చూడండి, అలా. అంతలో మామయ్య స్నేరు మీదినుంచి టామ్‌ల మీదుగా కిందికి దిగాడు. బేస్ డ్రమ్ము తొక్కాడు. ఆ రేకుల కప్పు కింద అంత ఖాళీ హాలూ ఒక్కసారి ఊపిరి పీల్చింది. పాడే మనిషి గొంతు దాని మీద తేలింది. ఎంత సన్నటి గొంతు. ఒక్క అక్షరం మునగలేదు. మాస్టారు చెయ్యి అక్కడే గాల్లో ఉండిపోయింది. తర్వాత దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు మఫ్లర్ సర్దుకున్నాడు.

నేను పాట వినడం లేదు. మా అమ్మాయిని చూస్తున్నాను. తను కూర్చోలేదు. గోడవారనే నడుస్తోంది, ముందు వరస, నడుమ, మూల, స్తంభం చాటు. ప్రతిచోటా కాసేపు ఆగి, తల వంచి, మళ్లీ కదులుతోంది. ఒకచోట ఆగి మామయ్యకి వేలితో సైగ చేసింది, రెండో టామ్ ఒక పిసరు వదులు చెయ్యమని. అతను పాట ఆపకుండానే ఎడమచేత్తో వదులు చేశాడు. ఏటా ఆ రెండు రోజులు నా భార్య చేసిన పని ఇది. ఇలాగే నడిచి ఉంటుంది, ఈ గోడవారనే. నన్ను ఒక్కసారి వెంట రమ్మని ఉంటే ఈ వెనక వరసలో కూర్చునేవాణ్ని. రమ్మనలేదు. ఆమె మీద నాకు ఆ కోపం ఉంది, ఉంటుంది. కానీ అంత కోపంలోనూ నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

పాట అయ్యాక మాస్టారు టీ తెప్పించుకున్నాడు. తాగి, ఖాళీ గ్లాసు ఆ కరెంటు పెట్టె మీద పెట్టాడు. "రెండో పాట తియ్యండి," అన్నాడు.

మా బావమరిది కర్రలు వదిలి నా దగ్గరికి వచ్చాడు. చొక్కా తడిసిపోయింది. ఏదో అనబోయాడు, అక్క పేరే అయి ఉంటుంది.

"నీ మీద కోపం పోలేదు," అన్నాను. "వెళ్లి వాయించు."

అతను వెళ్లి కూర్చున్నాడు. నేను వెనక వరస దాటి తలుపు దగ్గరికి నడిచాను. అక్కడ వినిపిస్తోంది. బయటికొచ్చి మెట్లు దిగాను, రోడ్డు దాటాను. అవతల బస్సులు పోతున్నాయి. అక్కడ ఒక మూసిన కొట్టు గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాను. అక్కడికీ వచ్చింది.